ఏ కోర్సు కొనమంటవు, చిన్నాయినా?

మొన్న దసరాకు ఊరికి వెళ్లినప్పుడు మా అన్న కొడుకు ఫోన్ పట్టుకొని వచ్చి పక్కన కూర్చున్నాడు. నల్లగొండలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మూడు ఆన్‌లైన్ కోర్సుల ధరలు చూపించి, "చిన్నాయినా, ఇండ్ల ఏది కొనమంటవు?" అని అడిగాడు. నీకు ఎక్కడ అర్థంకాక ఆగిపోయిందో ముందు చెప్పమన్నాను. ఎక్కడా ఆగలేదట, తోటివాళ్లంతా కొంటున్నారట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పదిహేడేళ్లుగా ఉన్న నేనూ మొదటి ఏడెనిమిదేళ్లు అలాగే కొన్నాను కాబట్టి వాణ్ణి ఏమీ అనలేకపోయాను. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నేను 2004లో ఇంజనీరింగ్‌లో చేరిన నాటికి మాకు తెలిసిన పాఠ్యసామగ్రి అంతా నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి జిరాక్స్ దుకాణంలోనే ఉండేది. ముందు బ్యాచ్‌వాళ్లెవరో చేత్తో రాసిన సి ప్రోగ్రామింగ్ భాష నోట్సును జిరాక్స్ తీసి, ఆ ప్రతిని మళ్లీ జిరాక్స్ తీసి, అంచుల్లో అక్షరాలు మాసిపోయాక మా చేతికి వచ్చేది. అందులో ఒక ప్రశ్న చుట్టూ పెద్ద గీత గీసి ఉండేది: ఐ విలువ 5 అయినప్పుడు ఒకే ప్రింట్‌ఎఫ్‌లో (విలువలను తెర మీద వేసే ఆదేశం) ఐ ప్లస్‌ప్లస్ (ఐ విలువను వాడుకొని, తరువాత ఒకటి పెంచు) అని మూడుసార్లు రాస్తే ఏమి అచ్చవుతుంది? జవాబు 7 6 5. కారణం, సి భాష ఎప్పుడూ కుడి నుంచి ఎడమకు లెక్కిస్తుంది. ల్యాబ్‌లో టర్బో సి అనే కంపైలర్ (రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగలిగేలా మార్చేది) నీలం తెర మీద నడిపి చూస్తే సరిగ్గా 7 6 5 వచ్చేది. పుస్తకమూ యంత్రమూ ఒకే మాట చెప్పాక అనుమానించడానికి ఏముంటుంది?

2008లో పట్టా చేతికి రాగానే అందరిలాగే అమీర్‌పేట చేరాను. ఆ కోచింగ్ సెంటర్లను చిన్నచూపు చూసేవాళ్లు నాకు చాలామంది తగిలారు గానీ నేను మాత్రం చూడలేను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు పుస్తకం తెరవగానే బెదిరిపోయే నాకు, మైకు పట్టుకొని జావా ప్రోగ్రామింగ్ భాషను సగం తెలుగులో విప్పి చెప్పిన ఆ సారే సరైన పాఠం. అడుగుపెట్టేవాడికి కావలసింది భయం పోగొట్టే మనిషి. అక్కడి మెటీరియల్ ఇంటర్వ్యూ దాటించడానికి రాసింది, ఆ పని అది చేసింది. ఉద్యోగంలో చేరాక కూడా దాన్నే పట్టుకొని వేలాడటం నా తప్పు.

నాలుగేళ్ల తరువాత ఒకనాడు భోజనాల వేళ ఆ పాత ప్రశ్నను సరదాకు ఒక సహోద్యోగి ముందు పెట్టాను. అతడు తన మ్యాక్‌లో క్లాంగ్ కంపైలర్‌తో నడిపాడు. 5 6 7 వచ్చింది. ఏదో తప్పు టైపు చేశాడనుకొని నేనే మళ్లీ టైపు చేశాను. మళ్లీ 5 6 7. సాయంత్రం కెర్నిఘన్, రిచీ రాసిన సి పుస్తకం 1988 నాటి రెండో కూర్పును మొదటిసారి శ్రద్ధగా తెరిచాను. మూడు వందల పేజీలు కూడా లేని ఆ పుస్తకంలో రెండో అధ్యాయం చివరి విభాగంలోనే విషయం ఉంది: ప్రింట్‌ఎఫ్ లాంటి ఫంక్షన్‌కు ఇచ్చే విలువలను (ఆర్గ్యుమెంట్లను) ఏ వరుసలో లెక్కించాలో భాష నిర్ణయించలేదు, అందువల్ల ఫలితం కంపైలర్‌ను బట్టి మారవచ్చు. ఉదాహరణ కూడా ప్రింట్‌ఎఫ్‌దే, దాని పక్కన అది తప్పు అనే వ్యాఖ్యా ఉంది. మా నోట్సు ఒక కంపైలర్ అలవాటును భాష నియమంగా రాసుకుంది.

మాది మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ నీళ్లు కంటికి తేటగానే ఉంటాయని, పరీక్ష చేయిస్తే తప్ప తెలియదని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. తేటగా చెప్పిన పాఠాన్ని మాత్రం పరీక్షించకుండా ఎన్నేళ్లు తాగానో!

ఆ తరువాత ఏ పాఠం చూసినా ముందు ఒకటే వెతకడం మొదలుపెట్టాను: తాను చెప్పే నియమం ఎక్కడిదాకా చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఇది చెబుతోందా? చాలా వీడియో కోర్సులు ఇక్కడే తేలిపోతాయి. ఒకసారి మా బృందం ఒక సరుకు నిల్వల అప్లికేషన్‌ను మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ నుంచి పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌కు మార్చింది. నేను అప్పటికే డబ్బు పెట్టి పోస్ట్‌గ్రెస్ కోర్సు ఒకటి పూర్తిచేసి, సర్టిఫికెట్ కూడా తీసుకొని ఉన్నాను. మార్చిన వారానికే రోజువారీ రిపోర్టులో వివరాల మొత్తానికీ కింద వేసే మొత్తానికీ అప్పుడప్పుడు రెండు మూడు బస్తాల తేడా రావడం మొదలైంది. ఆ రెండు మొత్తాలనూ తెచ్చే క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే ఒకే పనిగా కట్టిన మూటలో, ఉన్నాయి, పాత డేటాబేస్‌లో ఎన్నడూ తేడా రాలేదు. మూడు రోజులు మా కోడ్‌లోనే తప్పు వెతికాక, విసిగిపోయి పోస్ట్‌గ్రెస్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో, ఒక ట్రాన్సాక్షన్‌కు ఇతరుల మార్పులు ఎంతవరకు కనిపిస్తాయో చెప్పే ట్రాన్సాక్షన్ ఐసోలేషన్ విభాగం చదివాను. పోస్ట్‌గ్రెస్‌లో డీఫాల్ట్ (మనం ఏమీ చెప్పకపోతే ఉండే) స్థాయి రీడ్ కమిటెడ్, అంటే ఒకే ట్రాన్సాక్షన్‌లోని రెండో క్వెరీ ఈలోగా ఇతరులు కమిట్ చేసిన (ఖరారు చేసిన) మార్పులను చూస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను నిల్వచేసే భాగమైన ఇన్నోడీబీలో డీఫాల్ట్ రిపీటబుల్ రీడ్, అక్కడ మామూలు సెలెక్ట్‌లు (డేటాను చదివే క్వెరీలు) రెండూ ఒకే స్నాప్‌షాట్‌ను, అంటే ఒకే క్షణం నాటి డేటాను, చూస్తాయి. రిపోర్టు ట్రాన్సాక్షన్‌కు స్థాయి మార్చే ఒక్క వాక్యంతో తేడా పోయింది. అరగంటలో చదవగల ఆ విభాగం నా కోర్సులో ఎక్కడా లేదు.

అయితే మొదటి సంవత్సరంలోనే అదే విభాగం నా చేతికి ఇచ్చి ఉంటే నాలుగు పంక్తులు కూడా దాటేవాణ్ణి కాదని ఒప్పుకోవాలి. అధికారిక డాక్యుమెంటేషన్ దెబ్బ తగిలినవాడికే రుచిస్తుంది.

ఇంకా పైకి వచ్చాక నాకు ఎక్కువ నేర్పింది సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రాము. 2014లో వచ్చిన జావా 8లో, పేరు చెబితే దాని విలువ తెచ్చి ఇచ్చే హ్యాష్‌మ్యాప్ సోర్స్ తెరిస్తే కోడ్ కంటే ముందు పొడవాటి వ్యాఖ్య ఒకటి ఉంటుంది. ఒకే బిన్‌లో (అరలో) ఎంట్రీలు పేరుకుపోతే లిస్టును చెట్టుగా (వెతకడం వేగంగా సాగే కొమ్మల అమరికగా) మార్చే పరిమితి 8 ఎందుకో అందులో పాయిజాన్ విభాజనం అనే సంభావ్యతా సూత్రంతో లెక్కకట్టి చూపించారు: హ్యాష్‌లు (ఏ ఎంట్రీ ఏ అరకు వెళ్లాలో తేల్చే సంఖ్యలు) బాగా చెదిరినప్పుడు ఒక బిన్‌లో ఎనిమిది చేరే అవకాశం 0.00000006. ఇంటర్వ్యూ కోసం "ఎనిమిది దాటితే చెట్టు" అని బట్టీపట్టిన నాకు ఆ పట్టిక చూసినప్పుడు సిగ్గూ సంతోషమూ రెండూ కలిగాయి.

మిగతావాటి సంగతి క్లుప్తంగానే చెబుతాను. అల్గారిథమ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌ల వంటి పునాది విషయాలకు ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. వాటి నడక నెమ్మది, పాతబడటం కూడా నెమ్మదే. ఫ్రేమ్‌వర్క్‌ల (ప్రోగ్రాముల తయారీకి ముందే సిద్ధంగా దొరికే చట్రాల) మీద పుస్తకం కొనడం నేను మానేశాను. ఇప్పుడు ఏఐని కూడా అడుగుతాను గానీ, అది చెప్పిన విభాగాన్ని నేను స్వయంగా తెరిచి చూసేదాకా ఆ జవాబును లెక్కలోకి తీసుకోను.

ఆ రోజు మా అన్న కొడుకుతో ఇదంతా చెప్పలేదు. నీ సి నోట్సు ఉంటే తెమ్మన్నాను. స్పైరల్ బైండింగ్ వేసిన జిరాక్స్ ప్రతి తెచ్చాడు. ఇరవై పేజీలు తిప్పేసరికి అదే ప్రశ్న, అదే 7 6 5 కనిపించింది. వాడి ల్యాప్‌టాప్‌లో క్లాంగ్ వేయించి నడపమన్నాను. తెర మీద 5 6 7 చూసి వాడు కొంచెంసేపు మాట్లాడలేదు.

"అయితే చిన్నాయినా, పరీక్షల ఏం రాయాలె?"

7 6 5 అనే రాయమన్నాను.