కుర్చీ ఖాళీ అయ్యే తేదీ ముందే తెలుసు

విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ కార్యాలయపు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఇరవై ఏళ్లకు పైగా సర్వీసు రిజిస్టర్లు చూశాను. రిజిస్టరు తొలి పుటలోనే ఉద్యోగి పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంటుంది. 62 ఏళ్లు ఏ నెలలో నిండుతాయో, ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పవచ్చు. అయినా మా సీనియర్ అసిస్టెంటు ఒకాయన పదవీ విరమణ చేసిన మర్నాడే ఆయన ఫైళ్లన్నీ పక్క బల్ల మీదికి చేరాయి. అదనపు బాధ్యతల పేరిట మొదలైన ఆ ఏర్పాటు నాలుగేళ్లు సాగింది. రెండు సీట్ల పనీ మోసిన ఆవిడ సెలవు చీటీ రాయడానికి కూడా జంకేది.

పదోన్నతులకు 1996 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనల్లో ప్యానెల్ సంవత్సరం, అంటే అర్హుల జాబితా వర్తించే ఏడాది, ఉంది. సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు రాబోయే ఖాళీలను ముందుగానే అంచనా కట్టాలి. కొత్త నియామకాల దగ్గరికి వచ్చేసరికి ఆ క్రమశిక్షణ సడలిపోతుంది. శాఖ ఖాళీలు తేల్చి, రోస్టర్ పాయింట్లు (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికో చెప్పే వరుస) సరిచూసి, ఆర్థిక శాఖ అనుమతి తెచ్చుకుని ఇండెంటు, అంటే పోస్టుల భర్తీ కోరే పత్రం, పంపితేనే ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ ఇవ్వగలదు. నేను చూసినంతలో ఫైలు ఎక్కువగా నిలిచిపోయేది రోస్టర్ దగ్గర, అనుమతి దగ్గర.

ఈ లోగా పని ఆగదు కనుక తాత్కాలిక సిబ్బంది వస్తారు. ఇష్టానుసారపు నియామకాలను అరికట్టడానికి 1994లోనే రాష్ట్రం చట్టం చేసింది, నిబంధనలు దాటి చేరినవారికి క్రమబద్ధీకరణ హక్కు ఉండదని ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు 2006లో గట్టిగానే చెప్పింది. అయినా 2020 నాటికి పొరుగు సేవల సిబ్బంది కోసమే ప్రత్యేక సంస్థ పెట్టవలసి వచ్చింది.

చేయలేమని మాత్రం అనలేం. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల పోస్టులకు జూలైలో నోటిఫికేషన్ ఇచ్చి సెప్టెంబరులో పరీక్షలు పెట్టారు, అవి లక్షకు పైగా ఉద్యోగాలు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో నాకు పరిచయమైన పాడేరు అమ్మాయి అప్పటి నుంచీ పరీక్షలకు సిద్ధమవుతూనే ఉంది. ఆమె నోటుపుస్తకం అట్ట లోపల వయోపరిమితి దాటే తేదీ రాసుకుంది.

జీతాల బిల్లులు 2018లోనే సీఎఫ్ఎంఎస్ అనే ప్రభుత్వ ఆర్థిక లావాదేవీల కంప్యూటర్ వ్యవస్థలోకి మారాయి. పుట్టిన తేదీలు ఇప్పటికే కంప్యూటర్లలో ఉన్నాయి గనుక, రాబోయే రెండేళ్ల విరమణల జాబితాను రోస్టర్ పాయింట్లతో సహా ఏటా సెప్టెంబరులో ప్రతి శాఖా బహిరంగపరచాలని, అరవై రోజుల్లో ఆర్థిక శాఖ అభ్యంతరం చెప్పకపోతే ఇండెంటు నేరుగా కమిషన్‌కు వెళ్లాలని నిబంధనల్లోనే రాయాలి.