దీపావళి నుంచి సంక్రాంతి దాకా

అమెరికాలో హాలిడే సీజన్ అంటే థాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం దాకా. మన తెలుగు ఇళ్లలో అది దసరాతో మొదలై సంక్రాంతి వెళ్లాక గానీ తెమలదు. ఇక్కడి పండగల్లో నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్, డిసెంబరు 25న వచ్చే క్రిస్మస్ స్థిరంగా ఉంటాయి. మనవి చాలావరకు తిథిని బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. 2023లో దీపావళి నవంబరు 12న వస్తే, పదకొండు రోజులకే థాంక్స్‌గివింగ్ వచ్చేసింది. 2024లో సరిగ్గా పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకి వెళ్లే హాలోవీన్ రోజున, అక్టోబరు 31నే దీపావళి. ఆ సాయంత్రం మా మెట్ల మీద ప్రమిదలు వెలుగుతుంటే, కాలనీ పిల్లలు గౌన్లు ఎత్తిపట్టుకుని వాటి పక్కనుంచి జాగ్రత్తగా నడుచుకుంటూ చాక్లెట్ల కోసం వచ్చారు. మావాడు పట్టు లాల్చీ మీదే సూపర్‌హీరో కేప్ కట్టుకున్నాడు. ఎంతో ముచ్చటేసింది. కానీ మర్నాడు శుక్రవారం. బడి ఉంది, మా అమ్మాయికి కెమిస్ట్రీ పరీక్ష ఉంది.

ఏ పండగా తనంతట తాను భారం కాదు. అలసటంతా వారాంతాల్లోనే వస్తుంది. అక్టోబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా ఉండేవి పదమూడు వారాంతాలు. దీపావళి పార్టీలు నవంబరంతా సాగుతాయి. కార్తీక వనభోజనాలు, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లు, ఆఫీసు పార్టీ, బడిలో వింటర్ కాన్సర్ట్, సెమిస్టర్ పరీక్షలు, జనవరిలో జరిగే సంక్రాంతి సంబరాలకి డిసెంబరంతా డాన్సు ప్రాక్టీసులు. పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లలో అయితే కాలేజీ అప్లికేషన్లు కూడా ఇప్పుడే, చాలా కాలేజీల గడువు జనవరి మొదటి వారం లోపే ముగుస్తుంది. క్లాసులో పక్క సీటు పిల్లవాడికి బడి క్యాలెండర్ ఒక్కటే. మన పిల్లలు దానితోపాటు పంచాంగం కూడా మోస్తున్నారు. డిసెంబరులో వాళ్లు చిరాకు పడితే, సంస్కృతి మీద ఇష్టం లేదని మనం నొచ్చుకుంటాం. చాలాసార్లు అది వట్టి నిద్రలేమి.

మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. తిథి రోజున ఇంటివరకు చిన్న పండగ. చేతినిండా ఉండే పెద్ద పనులు, పదిమందిని పిలిచే సందడి మాత్రం ఇక్కడి సెలవుల్లో. అమెరికా క్యాలెండర్‌తో పోటీ పడే బదులు, అదిచ్చే సెలవుల్నే మన పండగలకి వాడుకుంటున్నాం.

క్రిస్మస్ వారం సంగతే చూడండి. ఆఫీసులు దాదాపు ఖాళీ, మీటింగులు ఉండవు, పిల్లలకి ఇంచుమించు రెండు వారాల సెలవు. అది ధనుర్మాసం కూడా. అరిసెలు, చేగోడీలు, జంతికలు ఎలాగూ నిలవుండే వంటలే కాబట్టి సంక్రాంతి పిండివంటలు ఆ వారంలోనే కానిచ్చేస్తాం. ముందు రోజు నానబోసిన బియ్యాన్ని వడకట్టి, తడి ఆరకముందే మిక్సీ పట్టి జల్లించడం మా ఆయన పని. పాకం బాధ్యత మా అమ్మాయిది. పళ్లెంలో చన్నీళ్లు పోసుకుని, గరిటెతో చుక్క పాకం వేసి, వేళ్లతో దగ్గరికి తీసి చూస్తుంది. మొదట కరిగిపోతుంది, కాసేపటికి సాగుతుంది, ఆ తర్వాత మెత్తటి ఉండ కడుతుంది. "అమ్మా, వచ్చేసింది, స్టవ్ ఆపెయ్!" అని కేకేసిందంటే ఇక ఆలస్యం చెయ్యకూడదు, గబగబా పిండి కలిపెయ్యాలి. పాకం ముదిరితే అరిసె గట్టిపడిపోతుంది. నువ్వులద్దేది మావాడు. చేతులకి పిండి, నూనె ఉండబట్టి ఆ పూటంతా ఫోన్ ముట్టుకోవడం ఎవరికీ కుదరదు. స్కూల్లో ఎవరితో మాటల్లేవో, పైయేడు ఏ సబ్జెక్టు తీసుకోవాలని ఉందో, మామూలు రోజుల్లో ఎంతడిగినా చెప్పని కబుర్లన్నీ అరిసెల పిండి దగ్గర బయటికొస్తాయి.

జనవరిలో ఇంకో మంచి వీలుంది. సంక్రాంతి జనవరి 14న గానీ 15న గానీ వస్తుంది, ఇక్కడ ఆ రోజు సెలవుండదు. కానీ జనవరి మూడో సోమవారం, నల్లజాతివారి సమాన హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ పేరిట వచ్చే మార్టిన్ లూథర్ కింగ్ డే. 1986 నుంచి ఫెడరల్ (కేంద్రప్రభుత్వ) సెలవు, బళ్లు కూడా చాలాచోట్ల మూసేస్తారు. అది ఎప్పుడూ 15, 21 తేదీల మధ్యే పడుతుంది కాబట్టి, సంక్రాంతికి కాస్త అటో ఇటో మూడు రోజుల వారాంతం దొరుకుతుంది. స్నేహితుల పసిపిల్లలకి భోగిపళ్లు పోయడం, డ్రైవ్‌వేలో ముగ్గులు, పేరంటం అన్నీ ఆ శనివారమే. రేగిపళ్లు దొరకని ఏడు పూలరేకులు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలతో కానిస్తాం. ఆదివారం విశ్రాంతి. సోమవారం మాత్రం కింగ్‌గారిదే. 1994లో అమెరికా కాంగ్రెస్ ఆ రోజుని సేవాదినంగా కూడా ప్రకటించింది. పిల్లల్ని తీసుకుని, లేనివాళ్లకి ఆహారం పంచే ఫుడ్‌బ్యాంక్‌కి వెళ్లి డబ్బాలు సర్దొస్తాం. మన పిల్లలు తలెత్తుకుని బడికి వెళ్తున్నారంటే వెనకాల ఎవరి పోరాటముందో వాళ్లకి తెలియాలి. కనుమకి పశువుల్ని పూజించి కృతజ్ఞత చెప్పుకునే సంప్రదాయం నుంచి వచ్చినవాళ్లం, ఇది మనకి కొత్తేమీ కాదు.

పండగ రోజు మాటేమిటని మా అత్తయ్యగారిని ఓసారి అడిగాను. "దీపం పెట్టమ్మా. పిల్లలకి తలంటు పోసి, బెల్లం పరమాన్నం చేసి నైవేద్యం పెట్టు. మిగతావి ఎప్పుడు కుదిరితే అప్పుడు చేసుకోండి, దేవుడేమన్నా అటెండెన్స్ తీసుకుంటాడా?" అన్నారు. ఆ మాటతో నాకు ఎంత టెన్షన్ తగ్గిందో చెప్పలేను. పెద్దవాళ్లు ఏమనుకుంటారో అని మనం బెంగపడే విషయాల్లో సగం వాళ్లని అడిగితే తేలిపోయేవే. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి జరిగాక మా డాలస్‌కీ ఇండియాకీ పదకొండున్నర గంటల తేడా. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తే అక్కడ ఆదివారం ఉదయం ఎనిమిది, అత్తయ్యగారు పూజ ముగించి కూర్చుని ఉంటారు. పిల్లల ఫోన్ ఆ వేళకి ఖాయం చేశాక, వారమంతా "ఎప్పుడు చేస్తారు?" అని ఎదురుచూడక్కర్లేదని ఆవిడకీ హాయిగా ఉంది.

దీపాల తీగలు దీపావళికి ఒక్కసారే కట్టి, సంక్రాంతి అయ్యాకే విప్పుతాం. అయితే కొన్ని కాలనీ అసోసియేషన్లు అలంకరణ ఏ తేదీల మధ్య ఉండొచ్చో నిబంధన పెడతాయి, ముందు చూసుకోవాలి. టీచర్లకి ఇచ్చే గిఫ్టులు నవంబరులోనే కొనిపెడతాం.

కష్టమైనది, పిలుపులకి కాదనడం. పరాయి దేశంలో స్నేహితులే బంధువులు, ఒకరింటికి వెళ్లి ఇంకొకరింటికి వెళ్లకపోతే మనసు ఊరుకోదు. నేను ముందే ఫోన్ చేసి "వదినా, ఈసారి పిల్లలకి పరీక్షలున్నాయి, జనవరిలో ఒక పూట మీ ఇంట్లోనే ఉంటాం" అని చెప్పేస్తాను. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకుంటే అపార్థాలొస్తాయి. గొంతు వింటే ఎవరూ ఏమీ అనుకోరు. అలా జనవరిలో తీరిగ్గా కలిసినప్పుడు, నలభై మంది పార్టీలో నిలబడి మాట్లాడిన దానికంటే మనసువిప్పి మాట్లాడుకున్నాం.

సంక్రాంతిదాకా ఇండియాలో ఉండొద్దామనుకునే వాళ్లు బడి హాజరు లెక్క చూసుకోండి. మా టెక్సస్‌లో క్లాసు పూర్తి చేసినట్టు క్రెడిట్ రావాలంటే మామూలుగా 90 శాతం హాజరుండాలి. తిరిగొచ్చాక జెట్‌లాగ్‌కి రెండు మూడు రోజులు విడిగా ఉంచుకోకపోతే పిల్లలు మొదటి వారమంతా క్లాసులో తూలుతూనే ఉంటారు.

దసరా వెళ్లాక ఒక ఆదివారం నలుగురం బల్ల చుట్టూ కూర్చుని, తెలుగు క్యాలెండరూ బడి క్యాలెండరూ పక్కపక్కన పెట్టుకుంటాం. ఒక సీజన్‌కి ఒక్కొక్కరు ఒక్క స్టేజీ మాత్రమే ఎక్కాలి, అది బడి కాన్సర్టో తెలుగు సంఘం డాన్సో వాళ్లిష్టం. క్రిస్మస్ తర్వాత మూడు రోజులు ఏమీ రాయకుండా గీత గీసేస్తాం. పిల్లలకి కూడా ఒక్కో పని కొట్టేసే హక్కుంది, ఎందుకని అడగం. మా అమ్మాయి బడి ఆర్కెస్ట్రా ఉంచుకుంది. మావాడు డాన్సు కొట్టేసి, గాలిపటాలు చేర్చాడు.