బొత్తాల పట్టీ వెడల్పు

ఆదివారం, రాత్రి

పొద్దున్నుంచీ వదలకుండా వాన. వారం రోజుల బట్టలు ఇస్త్రీకి పోగుపడ్డాయి. టేబుల్ మీద దుప్పటి పరిచి, ఎదురుగా ఫోన్ ఆనించి పాత షాట్‌పుట్ ఫైనల్స్ పెట్టుకున్నాను. ప్రపంచ ఇండోర్ ఛాంపియన్‌షిప్‌వి, ఆడవాళ్లవి. నేను ఇవి చూస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరూ నన్ను కదిలించరు.

ముందు 2016 పోర్ట్‌లాండ్. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అంతకుముందు ఇస్తాంబుల్‌లోనూ సొపాట్‌లోనూ వరసగా గెలిచిన వాలరీ ఆడమ్స్ ఆ రోజు 19.25 మీటర్లతో మూడో స్థానం. అనీటా మార్టన్ 19.33, రెండో స్థానం. మిషెల్ కార్టర్‌ని గెలిపించింది ఆరో త్రో, అంటే చిట్టచివరిది: 20.21. వీపు అటు తిప్పి, గుండు మెడకి అదిమిపెట్టి, బాగా వంగి, ఒక్క ఊపున జారి వేసే గ్లైడ్ పద్ధతి ఆమెది. నేను నేర్చుకున్నదీ అదే. అందుకేనేమో ఆమె వంగినప్పుడల్లా నా కుడి తొడ బిగుసుకుంటుంది. అదే ఏడాది రియోలోనూ ఆమెకి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది ఆఖరి త్రోనే, 20.63.

అందరూ గాల్లో ఉన్న గుండుని చూస్తారు. నేను కాళ్లు చూస్తాను. నాలుగు కిలోల బరువు చేతిలోంచి వెళ్లిపోయాక ఒళ్లంతా దాని వెనకే పోతానంటుంది. ముందున్న బోర్డుకి లోపలి నుంచి పాదం తగిలినా ఫరవాలేదు, పైన తగిలితే ఫౌల్. గుండు నేలకి తాకేదాకా సర్కిల్‌లోనే ఉండాలి, ఆ తర్వాత కూడా వెనక సగంలోంచే బయటికి రావాలి. రెండు మీటర్ల పైచిలుకు వెడల్పున్న ఆ చోటులో ఒంటికాలి మీద ఊగుతూ నిలదొక్కుకుంటారు చూడండి, నాకు ఊపిరి ఆగేది అప్పుడే.

స్కూలు ఆఖరి ఏడు పోటీల్లో నేను అంతకుముందెప్పుడూ వేయనంత దూరం వేశాను. గుండు పడటం చూశాను, సంతోషం పట్టలేక ముందు నుంచే పరిగెత్తాను. ఎర్రజెండా లేచింది. తడి మట్టిలో గుండు చేసిన గుంట ఇప్పటికీ కళ్లముందుంది, గిన్నె బోర్లించి తీసినంత గుండ్రంగా. దాని దగ్గరికి టేపు రాలేదు. ఎవరో పారతో పూడ్చేశారు.

ఇండోర్‌లో గుంట పడదు. నేల పాడవకుండా కొన్నిచోట్ల గుండుకి మెత్తటి తొడుగు ఉంటుంది, చప్పుడు కూడా వేరు.

తర్వాత 2024 గ్లాస్గో పెట్టాను. కెనడా అమ్మాయి సారా మిటన్, జర్మనీ అమ్మాయి యెమిసి ఒగున్‌లేయే, ఇద్దరూ గిర్రున తిరిగి వేసేవాళ్లే. మిటన్‌కి 20.22, ఒగున్‌లేయేకి 20.19. కొలిచేటప్పుడు సెంటీమీటరు మీద మిగిలిన మిల్లీమీటర్లు లెక్కలోకి రావు, కిందికే దించుతారు. అయినా మూడు సెంటీమీటర్ల తేడా మిగిలింది. ఒగున్‌లేయే గురించి బాధపడక్కర్లేదని నాకు తెలుసు. ఆ ఏడే ఆగస్టులో పారిస్‌లో ఆఖరి రౌండులో సరిగ్గా 20.00 వేసి ఒలింపిక్ స్వర్ణం తీసుకుంది. తెలిసినా సరే, ఆ 20.19 తెర మీద పడ్డప్పుడు మళ్లీ మనసు చివుక్కుమంది.

అప్పుడు ఇస్త్రీ పెట్టె కింద ఉన్నది ఆయన తెల్ల చొక్కా. కుట్టుపెట్టెలోంచి టేపు తీసి బొత్తాల పట్టీ మీద పెట్టి చూశాను. సరిగ్గా మూడు.

ఇంకా నాలుగు చొక్కాలు ఉన్నాయి. నాలుగింటికీ ముందు పట్టీయే ఇస్త్రీ చేశాను, మెల్లగా.