కోరంగి బురద, ఐసు పెట్టె

కాకినాడ నుంచి తెల్లవారకముందే బయల్దేరి కోరంగి చేరేసరికి ఆటు మొదలైంది. నీరు తీశాక మడచెట్ల మొదళ్లు బయటపడే రెండు మూడు గంటల్లోనే, యాంటీబయాటిక్ మందులిచ్చే సూక్ష్మజీవుల కోసం మట్టి తీయాలి. అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి ముందే తీసుకున్నాం.

పడవ దిగితే మోకాలి లోతు బురద. గాలి కోసం బురద పైకి లేచే మడచెట్ల శ్వాసవేళ్లు మేకుల్లా నిలబడ్డాయి. స్పిరిట్‌తో తుడిచిన పీవీసీ గొట్టాన్ని వాటి మధ్య నిలువుగా దింపి, పైకి లాగి చూశాం. పైన గోధుమరంగు, వేలెడు లోతు దాటగానే నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. అక్కడ గాలి ఆడదు. కానీ వేరు చుట్టూ ఆ నలుపులోనూ సన్నటి తుప్పురంగు గీత కనిపించింది. వేరు గుండా దిగిన ఆక్సిజన్ పనే అది. మాకు కావలసిన ఆక్టినోమైసీట్లకూ (బూజులా పోగులుగా పెరిగే మట్టి బాక్టీరియా) గాలి కావాలి. అందుకే ప్రతిచోటా ఆ గీత మట్టినే గీకి తీశాం.

నమూనా సంచి సగమే నింపి ఐసు పెట్టెలో పెట్టాలి. నిండా నింపి మూతి బిగించి ఎండలో ఉంచితే సాయంత్రానికి లోపల అంతా నల్లబడుతుంది. ఐసు కరిగిన నీళ్లు సంచిలోకి దిగినా ఆ నమూనా పారేయాల్సిందే. చోటు, లోతు, ఉప్పదనం అప్పటికప్పుడే పెన్సిల్‌తో రాసుకున్నాం. తడిస్తే పెన్ను రాత చెరిగిపోతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన అమెరికా మందుల కంపెనీ లెడర్లేలోనే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడింది. దాన్నిచ్చే సూక్ష్మజీవి దొరికింది అమెరికాలోని మిస్సోరీ పొలం మట్టిలో. ఏ పొలమో రాసి ఉంచారు కాబట్టే ఇవాళ ఆ మాట చెప్పగలుగుతున్నాం.

ల్యాబ్‌లో మట్టిని వారం నీడన ఆరబెట్టి, 100 డిగ్రీల పొడివేడిలో గంట ఉంచాం. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. తడి మట్టికి అంత వేడి పెడితే మనకు కావలసిన ఆక్టినోమైసీట్ల బీజాంశాలు చచ్చి, బాసిల్లస్ అనే వేరే బాక్టీరియా మిగులుతుంది. అది ప్లేటంతా పాకేస్తుంది. తర్వాత ఒక గ్రాము మట్టిని 9 మి.లీ. శుద్ధిచేసిన సముద్రపు నీటిలో కలిపి, వెయ్యి రెట్లు పలచన చేసి, 0.1 మి.లీ. చొప్పున ప్లేట్లలోని స్టార్చ్ కేసిన్ అగార్‌పై (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) పరిచాం. అగార్‌లో సగం సముద్రపు నీరే. బూజు రాకుండా మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల నిస్టాటిన్ వేశాం.

28 డిగ్రీల్లో మూడు వారాలు ఆగాలి. వారానికే ప్లేట్లు పారేస్తే దొరికేవి త్వరగా పెరిగేవే, వాటిలో ఎక్కువ ఇదివరకు తెలిసినవే. మాకు పన్నెండో రోజున సుద్దపొడి చల్లినట్టున్న కాలనీ ఒకటి, ఆవగింజలో సగమంత, అగార్‌లోకి గట్టిగా దిగి కనిపించింది. వానలు తగ్గాక, నీటి ఉప్పదనం మారి ఉంటుంది కాబట్టి, అదే చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్తున్నాం.