పాత డీజిల్ స్విఫ్ట్ కొనే ముందు ఆయిల్ క్యాప్ తిప్పి చూడండి

ఈ మధ్య నన్ను కార్ల గురించి అడిగేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "మూడు నాలుగు లక్షల్లో డీజిల్ స్విఫ్ట్ వస్తోంది, తీసుకోవచ్చా?" అని. మా బావమరిదైతే ఓఎల్ఎక్స్ లో ఫొటోలు పంపించి మరీ చంపేస్తున్నాడు. కారు సంగతి తర్వాత, ముందు అది ఎవరి చేతిలో తిరిగిందో కనుక్కో అని చెప్తా ఎవరికైనా. ఆ ఇంజన్ గురించి భయపడాల్సింది పెద్దగా లేదు, భయమంతా దాన్ని వాడినోళ్ళ గురించే.

అసలు ఆ ఇంజన్ మారుతి వాళ్ళది కాదన్న సంగతి చాలామందికి తెలీదు. ఫియట్ వాళ్ళ 1.3 మల్టీజెట్ అది, 1248 సీసీ, యూరప్ లో 2003లో వచ్చింది. 2007 మొదట్లో స్విఫ్ట్ లో పెట్టి డీడీఐఎస్ అన్నారు, అదే ఇంజన్ని టాటా వాళ్ళు ఇండికా విస్టాలో పెట్టి క్వాడ్రాజెట్ అన్నారు, ఫియట్ పుంటో, లీనియా, మారుతి రిట్జ్, డిజైర్, ఎర్టిగా, సియాజ్, బ్రెజా, షెవర్లే సెయిల్, ఎక్కడ చూసినా ఇదే. అందుకే దీనికి నేషనల్ ఇంజన్ అని పేరు పడిపోయింది. 2011, 12 టైంలో పెట్రోల్ కీ డీజిల్ కీ లీటర్ మీద పాతిక ముప్పై రూపాయల తేడా ఉండేది కదా, జనం డీజిల్ స్విఫ్ట్ కోసం నెలలకి నెలలు వెయిటింగ్ లో ఉన్నారు. 2014 అక్టోబర్ లో డీజిల్ రేటు మీద కంట్రోల్ ఎత్తేశాక ఆ మోజు తగ్గింది, 2020 ఏప్రిల్ లో బీఎస్6 అనే కొత్త పొగ రూలు వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లే ఆపేసింది. అంటే ఇప్పుడు మీకు దొరికే మారుతి డీజిల్ ఏదైనా సరే బీఎస్4 లేదా ఇంకా పాతది. ఇందులో ఒక లాభం ఉంది, బీఎస్6 డీజిల్ కార్లకుండే డీపీఎఫ్, అంటే పొగలో మసిని పట్టే ఫిల్టర్, జామ్ అయ్యే గోల వీటికి లేదు. ఇంకో లాభం, ఏ ఊళ్ళో ఆగిపోయినా ఈ ఇంజన్ విప్పి చూసిన మెకానిక్ ఒకడు దొరుకుతాడు.

సరే అసలు విషయానికొద్దాం. వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ ఈ ఇంజన్ కి ఉండదు, దాని బదులు చైన్ ఉంటుంది. చైన్ కదా లైఫ్ టైం వస్తుంది, మార్చక్కర్లేదు అని అమ్మేవాళ్ళు గొప్పగా చెప్తారు. నిజమే, కానీ ఆ చైన్ ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ పని చేసేది ఇంజన్ ఆయిల్ ప్రెషర్ మీద. దీనికి పట్టే ఆయిలే మూడు లీటర్ల పైచిలుకు, అందులో ఒక లీటర్ తగ్గిపోయిందంటే మిగతాది ఎంత కష్టపడుతుందో ఆలోచించండి. ఇంజన్ లోకి గాలి ఊదే టర్బోకి అదే ఆయిల్, చైన్ కి అదే ఆయిల్. పదివేల కిలోమీటర్లకి మార్చాల్సిన ఆయిల్ ని పాతిక వేల దాకా లాగి, మధ్యలో డిప్ స్టిక్ కూడా తీసి చూడని బండ్లుంటాయి, టాక్సీ తిప్పినవైతే మరీనూ. అలాంటి బండిలో చైన్ సాగుతుంది, టెన్షనర్ నైలాన్ గైడ్లు అరుగుతాయి, ఒకరోజు చైన్ పళ్ళు దాటితే వాల్వుల్ని నొక్కే రాకర్లు విరుగుతాయి, ఇంకా టైం బాగోకపోతే వాల్వులు వెళ్ళి పిస్టన్లకి తగులుతాయి. అక్కడికి ఇంజన్ పై భాగం, అదే హెడ్డు, దింపాల్సిందే.

అందుకని కారు చూడ్డానికి వెళ్ళేటప్పుడు అమ్మేవాడికి ముందే ఫోన్ చేసి చెప్పండి, నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉందంటే ఏదో దాస్తున్నాడనే లెక్క. చల్లగా ఉన్న ఇంజన్ సెల్ఫ్ కొట్టగానే ముందు వైపు నుంచి ఒకట్రెండు సెకన్లు గరగరమని వచ్చి ఆగిపోతే పెద్దగా పట్టించుకోకండి, ఆయిల్ పైకెక్కే దాకా అలాగే ఉంటుంది. ఆగకుండా ఐడ్లింగ్ లో కూడా గొలుసు లాగినట్టు సౌండ్ వస్తుంటే మాత్రం చైన్ కిట్ ఖర్చు రేటులోంచి తగ్గించమనండి, లేదా నమస్కారం పెట్టి వచ్చేయండి.

తర్వాత ఇంజన్ రన్నింగ్ లో ఉండగా ఆయిల్ పోసే క్యాప్ తిప్పి తియ్యండి. కొంచెం ఆవిరి లాంటి పొగ మామూలే. పొగ గుప్పుగుప్పుమని కొడుతూ, క్యాప్ తిరగేసి ఆ రంధ్రం మీదే ఊరికే పెడితే ఎగిరి పడిపోతోందంటే రింగులు అరిగాయి, పిస్టన్ దాటి గ్యాస్ కిందకి కొడుతోంది. క్యాప్ లోపలి వైపు వేలితో రుద్ది చూడండి, నల్లగా పల్చగా అంటితే సరే, తారు ముద్దలాగా గడ్డ కట్టిందంటే ఆ బండికి ఆయిల్ మార్చిన చెయ్యి సరైంది కాదు. ఆయిల్ నల్లగా ఉంటే మాత్రం కంగారు పడొద్దు, డీజిల్ ఇంజన్ లో కొత్త ఆయిల్ పోసి ఊళ్ళో ఒక రౌండ్ తిరిగొస్తే నల్లబడిపోతుంది, మసి అంతా అందులో కలవాలి కదా. ఈ సంగతి తెలియక మా బాబాయ్ ఒకాయన సర్వీస్ సెంటర్ వాళ్ళు ఆయిలే మార్చలేదని పెద్ద గొడవ పెట్టుకుని వచ్చాడు.

కొన్నాక చెయ్యాల్సింది కూడా పెద్దేం లేదు. 5డబ్ల్యూ-30 డీజిల్ ఆయిల్, పదివేల కిలోమీటర్లకి లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. నేను ఇంకా ముందే మార్చేస్తా, మూడు లీటర్ల ఆయిల్ దగ్గర పిసినారితనం ఎందుకు. ఫిల్టర్ ఇందులో డబ్బా టైపు కాదు, లోపల పేపర్ ఎలిమెంట్ ఉంటుంది, దాని క్యాప్ కి ఒక రబ్బర్ ఓ-రింగ్. కొత్త ఫిల్టర్ తో పాటు కొత్త రింగ్ వస్తుంది, అయినా కొందరు కుర్రాళ్ళు పాత రింగే ఉంచేసి బిగించేస్తారు, తర్వాత అక్కడ నుంచి చెమటలా ఆయిల్ కారుతూ ఉంటుంది. పక్కన నిలబడి చూడండి, సిగ్గు పడక్కర్లేదు.

ఇప్పుడు అందరికీ వచ్చే కంప్లయింట్, పికప్. ఈ 75 పీఎస్ ఇంజన్ కి పుట్టుకతోనే 2000 ఆర్‌పీఎం లోపు నీరసం, ఆ తర్వాత టర్బో అందుకుంటే వెనక్కి తోస్తుంది, 190 ఎన్ఎం టార్క్ అంతా అక్కడే. కాబట్టి ఫ్లై ఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేర్లో నిద్రపోతోందంటే అది రోగం కాదు, గేర్ తగ్గించండి. రోగం ఎలా ఉంటుందంటే, ఎంత తొక్కినా మూడు వేల ఆర్‌పీఎం దాటదు, నల్ల పొగ వదుల్తుంది, ఇంజన్ లైట్ వెలుగుతుంది. మా 2013 వీడీఐ మోడల్ కారుకి ఇదే వచ్చింది. రోడ్డు పక్క షెడ్డు ఒకదాంట్లో చూపిస్తే కుర్రాడు బానెట్ ఎత్తి పది నిమిషాలు కూడా కాలేదు, "సార్, టర్బో అవుట్, పాతిక ముప్పై వేలు చూసుకోండి" అన్నాడు. స్కానర్ పెట్టలేదు, ఒక్క పైపు ముట్టుకోలేదు.

విజయవాడ ఆటోనగర్ లో నాకు తెలిసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అందరం భాయ్ అనే పిలుస్తాం. ఆయన బండిని ఆన్ చేసి, నన్ను సీట్లో కూర్చోబెట్టి రేస్ ఇమ్మని, తను టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కి వెళ్ళే రబ్బర్ పైపు పొడుగూతా చెయ్యి జరుపుకుంటూ పోయాడు. ఒక చోట ఆగి, "ఇంకోసారి ఇవ్వు బాబూ" అన్నాడు. క్లాంపు పక్కన పైపు అడుగు భాగంలో సన్న చీలిక, పైనుంచి చూస్తే కనపడదు, రేస్ ఇచ్చినప్పుడే నోరు తెరుస్తోంది, చుట్టూ తడి ఆయిల్ మరక. "టర్బో ఊదుతున్న గాలి సగం ఇక్కడే పోతోంది, ఇంజన్ దాకా ఏం వెళ్తుంది" అన్నాడు. పైపు మార్చాం, అప్పుడే పొగలో కొంత మళ్ళీ ఇంజన్ లోకి పంపే ఈజీఆర్ వాల్వు కూడా విప్పితే లోపల దారి సగం పైగా మసితో మూసుకుపోయి ఉంది, స్క్రూడ్రైవర్ తో గీకితే పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చింది. క్లీనర్ కొట్టి, తుడిచి బిగించాడు. టర్బో ఇప్పటికీ అదే.

అప్పటినుంచి నేను అందరికీ చెప్పే లెక్క ఒకటే, ఈ బండ్లలో ఏ కంప్లయింట్ వచ్చినా చవక వస్తువు దగ్గర నుంచి మొదలెట్టి ఖరీదైన దాని దాకా వెళ్ళాలి. పికప్ లేదా, ముందు ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, తర్వాత ఇంటర్‌కూలర్ పైపులు, క్లాంపులు, తర్వాత ఈజీఆర్, ఎయిర్ ఫ్లో సెన్సర్, స్కానర్ లో రైల్ ప్రెషర్ (నాజిళ్ళకి వెళ్ళే డీజిల్ ఒత్తిడి), ఇవన్నీ చూశాక టర్బో. మెకానిక్ నేరుగా చివరి దాని దగ్గర మొదలెడితే షెడ్డు మార్చండి. టర్బో నిజంగా పోయిందంటే సైరన్ లాంటి కూత, సైలెన్సర్లోంచి నీలం పొగ, ఆయిల్ తగ్గిపోవడం, ఇవి కనిపిస్తాయి. హైవే మీద గట్టిగా తోలుకొచ్చి టీ హోటల్ దగ్గర టక్కున ఆపేయకుండా ఒక నిమిషం ఐడ్లింగ్ లో ఉంచితే టర్బోకి అంత చాలు.

నాజిళ్ళు, అంటే ఇంజన్ లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, వాటి సంగతి కూడా ఇంతే. పొద్దున్నే బానే స్టార్ట్ అయి, వేడి మీద ఆపి మళ్ళీ సెల్ఫ్ కొడితే చాలాసేపు తిరుగుతోందంటే ఇంజెక్టర్లలో ఒకటి డీజిల్ ని వెనక్కి ఎక్కువ వదిలేస్తోందేమో చూడాలి. దీనికో తేలిక టెస్ట్ ఉంది, నాలుగు రిటర్న్ పైపులు పీకి నాలుగింటికీ నాలుగు చిన్న సీసాలు తగిలించి కాసేపు ఇంజన్ తిప్పుతారు, నాలుగు సీసాల్లో డీజిల్ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒక సీసా నిండి మిగతావి పావు కూడా లేకపోతే దొంగ దొరికినట్టే. ఆ ఒక్కదాన్ని డీజిల్ పంపు సర్వీస్ చేసే చోటికి తీసికెళ్ళి బెంచి మీద టెస్ట్ చేయిస్తే సరిపోతుంది, నాలుగూ మార్చాలన్నోడి మాట వినకండి. కొత్తది వేస్తే చాలావాటికి దాని మీదున్న కోడ్ ని స్కానర్ తో ఈసీయూలోకి, అంటే ఇంజన్ కంప్యూటర్లోకి, ఎక్కించాలి, ఇది మర్చిపోయే షెడ్లు చాలా ఉన్నాయి, తర్వాత బండి వణుకుతుంటే మౌంటింగులు పోయాయి అంటారు. ఇంకోటి, ఇంజన్ పైనుంచి చఫ్ చఫ్ మని సౌండ్, క్యాబిన్ లో పొగ వాసన, ఇంజెక్టర్ మొదట్లో నల్లటి బంక, ఇవి కనిపిస్తే కింద రాగి వాషర్ లీకవుతోంది. వాషర్ కి పెద్ద ఖర్చు లేదు గానీ ఎక్కువ రోజులు వదిలేస్తే ఆ మసి గట్టిపడి ఇంజెక్టర్ పీకడమే యుద్ధం అవుతుంది.

మిగతావి అన్ని పాత కార్లకీ ఉండేవే. డీజిల్ ఇంజన్ బరువు ముందే ఉంటుంది కాబట్టి మన రోడ్లకి లోయర్ ఆర్మ్ బుష్ లు, లింక్ రాడ్లు త్వరగా పోతాయి, స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే టకటకమంటుంది. ఏసీ గ్యాస్ ఏటా నింపించాల్సొస్తోందంటే కూలింగ్ కాయిల్ లీకు చూడండి, ఊరికే గ్యాస్ కొట్టించుకుంటూ పోవద్దు. రేడియేటర్లో కుళాయి నీళ్ళు పోసిన బండైతే కూలంట్ తుప్పు రంగులో ఉంటుంది, అది నచ్చదు నాకు.

మీటర్ మాత్రం అస్సలు నమ్మకండి. డీజిల్ కారు కొనేదే తిప్పడానికి, పదేళ్ళ డీజిల్ డిజైర్ అరవై వేలే తిరిగిందంటే కంపెనీ సర్వీస్ హిస్టరీ తీయించండి, బండి నంబర్ తో ఏ ఊళ్ళో ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీస్ అయిందో బయటికొస్తుంది. స్టీరింగ్, గేర్ రాడ్, క్లచ్ పెడల్ రబ్బర్, డ్రైవర్ సీటు అంచు, ఇవి మీటర్ కన్నా నిజం చెప్తాయి. ఇంకా ఢిల్లీ బండ్లు. అక్కడ డీజిల్ కార్లకి పదేళ్ళ రూలు గొడవ వల్ల మంచి మంచి బండ్లు చవగ్గా హైదరాబాద్ దాకా వచ్చాయి, చూస్తే నోరూరుతుంది. కానీ ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్, కొత్త నంబర్, ఫైనాన్స్ క్లియరెన్స్, ఇవన్నీ కలిపి లెక్కేసుకున్నాకే చవకో కాదో చెప్పండి. పదిహేనేళ్ళు దాటబోతున్న లోకల్ బండైనా రీ-రిజిస్ట్రేషన్ ఖర్చు కలుపుకోవాలి.

రోజూ ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు వెళ్ళొచ్చే వాళ్ళకైతే నేను వద్దనే అంటా, ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తారు, మసి పేరుకునేది అలాంటి వాడకంలోనే. వారం వారం ఊరెళ్ళేవాళ్ళకి, నెలకి వెయ్యి పదిహేను వందలు తిరిగేవాళ్ళకి ఇది ఇప్పటికీ లాభమే, హైవే మీద ఇరవై పైనే ఇస్తుంది.

డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్ళు చేరతాయి, వానాకాలం ముందు ఒకసారి డ్రైన్ చేయించండి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా తోలకండి, డీజిల్ పైపుల్లో ఎయిర్ పట్టిందంటే రోడ్డు మీదే కూర్చోవాలి. బంకులో కుర్రాడు పొరపాటున పెట్రోల్ కొట్టేస్తే మాత్రం తాళం కూడా తిప్పకండి, పక్కకి తోయించి, ట్యాంకు ఖాళీ చేయించి, ఫిల్టర్ మార్చాకే స్టార్ట్ చెయ్యండి. పంపుకీ నాజిళ్ళకీ నూనెలా పని చేసేది డీజిలే, పెట్రోల్ తో ఒక్కసారి తిప్పారంటే పైన చెప్పిన చవక లెక్కలేవీ పనికిరావు, నేరుగా పంపు దగ్గరికే వెళ్ళాలి.