మాకీ అరీనాలో ఐదో చోటు కోసం

షికాగో ఓహేర్ విమానాశ్రయం నుంచి ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి నడిచే షటిల్ బస్సు చార్జీ వినగానే నాకు కోపం వచ్చింది. దూరం చూస్తే విశాఖ నుంచి రాజమండ్రికి ఎంతో అంతే. ఆ డబ్బుతో మన దగ్గర ఇంటిల్లిపాదీ ఏసీ బస్సులో తిరుపతి వెళ్లి రావచ్చు. పైగా అక్కడి బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్టు ఖర్చు వేరే. అసలు ధర టికెట్లు ఎప్పుడో అయిపోయాయట. తిరిగి అమ్మేవాళ్ల దగ్గర మా మేనల్లుడు వందకు పైగా డాలర్లు పోసి కొన్నాడు, అదీ కప్పుకు దగ్గరగా ఉన్న పై వరుసలో. "చూడాలని అన్నది మీరే కదా మామయ్యా, ఇక ధర సంగతి వదిలేయండి" అన్నాడు ఫోనులో.

చూడాలని అన్నమాట నిజమే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వ్యాయామ ఉపాధ్యాయుడిగా పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పినవాణ్ని. ఆ చలికాలం ఎవన్‌స్టన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అది నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. అక్కడ ఆట గురించి ఎవరు మాట్లాడినా ఆ విశ్వవిద్యాలయం జట్టు ఆటగాడు బూ బుయీ పేరే వినిపించేది. 2023 డిసెంబరు 1న దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న పర్డ్యూను నార్త్‌వెస్టర్న్ ఆ ఊళ్లోనే అదనపు సమయంలో 92–88తో ఓడించింది. బుయీ ఒక్కడే 31 పాయింట్లు చేశాడు. టీవీలో ఆ మ్యాచ్ చూస్తున్నంతసేపూ నా కళ్లు మాత్రం ఓడిన జట్టులో బంతి నడిపే ఆరడుగుల గార్డు బ్రేడెన్ స్మిత్‌ను వదల్లేదు. 2024 జనవరి 31న అవే జట్లు పర్డ్యూ సొంత కోర్టులో మళ్లీ తలపడతాయని తెలిశాక ఇక ఇంట్లో కూర్చోలేకపోయాను.

ఐ-65 రోడ్డు మీద చూడడానికి పెద్దగా ఏమీ లేదు. కోత అయిపోయిన మొక్కజొన్న పొలాలు, తర్వాత మైళ్ల కొద్దీ గాలిమరలు. దారి మధ్యలో ఒక జిల్లా దాటగానే గడియారం గంట ముందుకు జరుగుతుంది. ఇండియానాలో వాయవ్య మూల జిల్లాలది షికాగో సమయం, మిగతా రాష్ట్రంలో చాలా భాగానిది న్యూయార్క్ సమయం. పర్డ్యూ ఉన్న ఊరు వెస్ట్ లాఫయెట్‌లో దిగేసరికి మధ్యాహ్నం సగం కరిగిపోయింది. మేనల్లుడి గదిలో అన్నం, పప్పు తిని బయలుదేరాము.

మాకీ అరీనా గుండ్రటి భవనం, పైన గుమ్మటం. 1967లో కట్టారు. పద్నాలుగు వేలకు పైగా జనం పడతారు. అరుపు పైకి వెళ్లి ఆ గుమ్మటానికి తగిలి మళ్లీ నెత్తిన పడుతుంది. ఒక గొంతు "బాయిలర్ అప్" అనగానే వేల గొంతులు "హ్యామర్ డౌన్" అని బదులిస్తాయి. ఇక్కడ జరిగిన తొలి మ్యాచ్‌లో పర్డ్యూ 73–71తో యూసీఎల్ఏ చేతిలో ఓడింది. ఓడించిన కోచ్ జాన్ వుడెన్ ఒకప్పుడు పర్డ్యూకే ఆడినవాడు. కోర్టుకు పాత కోచ్ జీన్ కీడీ పేరు పెట్టారు. ఇప్పటి కోచ్ మ్యాట్ పెయింటర్ ఆయన శిష్యుడే, ఇదే కోర్టులో ఆడినవాడే. మన ఊళ్లలో సంగీతానికి ఉన్నట్టు ఇక్కడ ఆటకు గురుపరంపర ఉంది. అది నాకు నచ్చింది.

నా కుడిపక్క సీటులో ఎనభై ఏళ్లకు దగ్గర పడిన ఒక ముసలామె. ఒళ్లో నోటు పుస్తకం, చేతిలో పెన్సిల్. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారట. నేనూ ఉపాధ్యాయుణ్నే అని చెప్పగానే పుస్తకం నా వైపు తిప్పారు. ప్రతి పేజీలోనూ స్మిత్ పేరు, దాని కింద రెండు వరుసలు. ఒకటి అతను ఇచ్చిన పాసు బుట్టలో పడినవి. రెండోది మంచి పాసు ఇచ్చినా అందుకున్నవాడు గురి తప్పినవి. "మొదటి వరుస పత్రికల్లో వస్తుంది. రెండోది నేను రాయకపోతే ఎక్కడా ఉండదు" అన్నారామె.

ఆమెకు ఆ సీజనంతా ఒకటే దిగులు. పర్డ్యూ, నార్త్‌వెస్టర్న్ ఆడే లీగ్ పేరు బిగ్ టెన్. అప్పటికి అందులో 14 విశ్వవిద్యాలయాలు. మార్చిలో లీగ్ మ్యాచ్‌లు ముగియగానే లీగ్ ఉత్తమ ఆటగాళ్లతో కోచ్‌లు ఒక జాబితా, విలేకరులు ఒక జాబితా ప్రకటిస్తారు. ఐదుగురు చొప్పున మొదటి జట్టు, రెండో జట్టు, మూడో జట్టు. మొదటి సంవత్సరంలో స్మిత్ కొత్త ఆటగాళ్ల జట్టులో చేరాడు. రెండో ఏడు మొదటి ఐదుగురిలోకి వస్తాడా? ఆమె వేళ్లు మడిచి లెక్క చెప్పారు. పర్డ్యూకే ఆడే జాక్ ఈడీకి ఒక చోటు రాసిపెట్టినట్టే. ఏడడుగుల నాలుగంగుళాల మనిషి, అంతకు ముందు ఏడాదే దేశంలో ఉత్తమ ఆటగాడు. బుయీకి ఒకటి. ఇల్లినాయ్ జట్టు షానన్‌కు ఒకటి. మిగిలిన వాటికి మేరీలాండ్ నుంచి జహ్మీర్ యంగ్, మిషిగన్ స్టేట్ నుంచి టైసన్ వాకర్, ఇద్దరూ పాయింట్లు దండిగా చేసే గార్డులు. "ఒకే బడి నుంచి ఇద్దరిని పంపడానికి ఓటేసేవాళ్లకు చెయ్యి రాదు. ఇంకా పన్నెండు పాయింట్ల కుర్రాడిని ఎవరు చూస్తారు?" అన్నారు.

చూసేవాళ్లు చూస్తారని నేను వాదించాను. వాదించడానికి ఆ సాయంత్రం నాకు కావలసినంత దొరికింది. టీవీ కెమెరా బంతి వెంట పరుగెత్తుతుంది. పై వరుస నుంచి చూస్తే పదిమందీ ఒకేసారి కనిపిస్తారు. ఈడీ వచ్చి స్మిత్‌ను కాపు కాసేవాడికి అడ్డుగా నిలబడతాడు. స్మిత్ అతన్ని చుట్టి లోపలికి వస్తాడు. చాలామంది గార్డులు అక్కడ తొందరపడతారు. స్మిత్ మాత్రం వేగం తగ్గించి, వెనక పడ్డ డిఫెండర్‌ను వీపుకు అంటించుకుని రెండు డ్రిబుల్స్ అలాగే వేస్తాడు. ముందున్న పొడుగాటి డిఫెండర్‌కు ఇప్పుడు ఇద్దరు. స్మిత్‌ను ఆపాలా, రింగు వైపు వెళ్తున్న ఈడీని పట్టాలా? అతని పాదం ఏ వైపు కదిలితే బంతి రెండో వైపు వెళ్తుంది. మూల నుంచి ఇంకొకడు సాయానికి వస్తే బంతి ఆ మూలకే, ఫ్లెచర్ లోయర్‌కో లాన్స్ జోన్స్‌కో పోతుంది. పిల్లలకు ఈ ఒక్క సంగతి నేర్పడానికి నేను ఏళ్ల తరబడి కోర్టు మీద సుద్దతో బాణాలు గీశాను. ఇక్కడ ఒక కుర్రాడు పద్నాలుగు వేలమంది అరుపుల్లో దాన్ని అలవోకగా చేస్తున్నాడు.

బుయీ తక్కువేమీ తినలేదు. అతను ఎదుటివాణ్ని ఒంటరిగా గెలిచే రకం. ఆగి, తూగి, ఒక్క అడుగు వెనక్కి వేసి కొడతాడు. నార్త్‌వెస్టర్న్ చివరిదాకా పట్టు విడవలేదు, ఈ మ్యాచ్ కూడా అదనపు సమయానికి వెళ్లింది. రిఫరీల ఈలలు మాత్రం ఒకవైపే ఎక్కువ మోగాయి. పర్డ్యూకు ఫౌళ్లకు బదులుగా ఇచ్చే ఫ్రీ త్రోలు నలభైకి పైగా, అవతలివాళ్లకు పదిలోపే. ఈడీని ఆపాలంటే పట్టుకోక తప్పదు, నిజమే. అయినా అంత తేడా చూస్తే మనసుకు కష్టమనిపించింది. ఆఖరి క్షణాల్లో నార్త్‌వెస్టర్న్ కోచ్ క్రిస్ కాలిన్స్ కోర్టులోకి దూసుకొచ్చి రిఫరీల మీద విరుచుకుపడ్డాడు. ఆయన్ని బయటకు పంపేశారు. 105–96తో పర్డ్యూ గెలిచింది. ముసలామె మొదటి వరుసలోని గీతలు లెక్కపెట్టి, పేజీ అడుగున ఆ అంకె రాసి, పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు. స్మిత్ అసిస్టులు, అంటే బుట్టలో పడిన పాసులు, రెండంకెలు దాటి చాలాసేపయింది.

నా ఆవేశానికి పాత కారణం ఒకటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో మా కళాశాల జట్టుకు బంతి నడిపిన మిత్రుడొకడు ఉండేవాడు. నా పాయింట్లలో సగానికి మూలం అతని చేతులే. విశ్వవిద్యాలయం జట్టు ఎంపికలో కమిటీవాళ్లు స్కోరు షీట్లు ముందేసుకుని కూర్చున్నారు. నన్ను తీసుకున్నారు, అతన్ని తీసుకోలేదు. మనం వాడే అధికారిక స్కోరు షీటులో పాయింట్లు, ఫౌళ్లు, టైమ్ అవుట్లు ఉంటాయి. పాసుకు గడి లేదు. అందువల్ల కాగితం మీద అతను ఆడనట్టే. అతను ఆ తర్వాత బంతి ముట్టలేదు. ఆ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ రాత్రి గదిలో మేనల్లుడి స్నేహితులు చుట్టూ చేరారు. అంతా తెలుగు పిల్లలే. నిద్రమానుకుని వాదించారు. "ఈడీ పక్కన నిలబడితే ఎవరైనా పాసులు ఇస్తారు అంకుల్. చేయి పైకెత్తితే రింగుకు తగిలేవాడికి బంతి విసరడమెంత పని?" అన్నాడొకడు. ముందటేడు జాతీయ టోర్నమెంటు కూడా గుర్తుచేశాడు. 2023 మార్చిలో పదహారో సీడు, అంటే అట్టడుగు ర్యాంకు జట్టు, ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో పర్డ్యూ 63–58తో ఓడింది. అప్పుడూ ఈడీ ఉన్నాడు, స్మిత్ ఉన్నాడు. స్మిత్ పదే పదే బంతి పోగొట్టుకున్నాడు. నేను కాదనలేదు. కానీ నాకు ఆ ఓటమి అతని పక్షాన సాక్ష్యంగానే కనిపించింది. గార్డు తడబడిన రోజున అంత పొడుగు మనిషి కూడా జట్టును నిలబెట్టలేకపోయాడు కదా. మేనల్లుడు ఎటూ చెప్పలేదు. తెల్లవారాక బస్సు దాకా దింపడానికి వచ్చి, "మీ పక్కనున్నావిడ నోటు పుస్తకం ఫోటో తీసుకోవలసింది మామయ్యా" అన్నాడు.

మార్చిలో జాబితా వచ్చింది. స్మిత్ మొదటి జట్టులో ఉన్నాడు. బుయీ కూడా ఉన్నాడు. ఒకే బడి నుంచి ఇద్దరిని పంపరన్న భయం తీరిపోయింది. ఈడీ వరుసగా రెండోసారి లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ సీజన్లో స్మిత్ సగటు 12 పాయింట్లు, 7.5 అసిస్టులు, 5.8 రీబౌండ్లు. ఏప్రిల్‌లో పర్డ్యూ జాతీయ ఫైనల్ దాకా వెళ్లి కనెక్టికట్ చేతిలో 75–60తో ఓడింది. ఈడీ వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏకు వెళ్లిపోయాడు. పొడుగు మనిషి లేకుండా ఆడిన 2024–25లో బిగ్ టెన్ 18 విశ్వవిద్యాలయాలకు పెరిగింది. ఆ పద్దెనిమిదింటిలో ఉత్తమ ఆటగాడిగా స్మిత్‌నే ఎన్నుకున్నారు. అసిస్టులు 8.7కు పెరిగాయి. ఆ ఎంపిక వెలువడిన రోజే, ఆ రాత్రి నాతో వాదించిన మేనల్లుడి స్నేహితుడికి ఫోను చేశాను. ఒప్పుకున్నాడు.

తిరిగి వచ్చాక మా జిల్లా పాఠశాలల పోటీల్లో స్కోరు బల్ల పక్కన ఇద్దరు పిల్లలను నోటు పుస్తకాలతో కూర్చోబెట్టాను. ఒక వరుస పడిన పాసులకు, ఇంకో వరుస పడకుండా పోయిన వాటికి. మొదటి మ్యాచ్‌లోనే పెద్ద తగువు వచ్చింది. పాసు అందుకున్నవాడు రెండు డ్రిబుల్స్ కొట్టి బుట్టలో వేస్తే అది అసిస్టా కాదా అని. రాసేవాడు అవునన్నాడు, అవతలి కోచ్ కాదన్నాడు. ఎంపిక కమిటీవాళ్లు కూడా బల్ల దగ్గరికి వచ్చి ఆ పుస్తకం తెరిచి చూశారు.