విరోచనుడి తృప్తి

ఈ రోజు ఆదివారం కావడంతో క్షవరశాలలో నా వంతు కోసం చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. పక్క కుర్చీలో జుట్టుకు రంగు వేయించుకున్న పెద్దాయన అద్దంలో తనను తాను ఎంతో తృప్తిగా చూసుకుంటుంటే, ఛాందోగ్యోపనిషత్తులోని దేవతల రాజు ఇంద్రుడు, అసురుల రాజు విరోచనుల కథ గుర్తుకు వచ్చింది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఎనిమిదో అధ్యాయం తీసి మళ్లీ చదివాను.

ఆత్మను తెలుసుకోవాలని వచ్చి 32 ఏళ్లు బ్రహ్మచర్యం పాటించిన ఆ ఇద్దరినీ, చక్కగా అలంకరించుకొని నీళ్ల పాత్రలో చూసుకోమంటాడు వాళ్ల గురువు ప్రజాపతి. కనిపించినదే ఆత్మ అనుకొని విరోచనుడు సంతోషంగా వెళ్లిపోయి, దేహాన్నే పూజించాలని అసురులకు బోధిస్తాడు. ఇంద్రుడు మాత్రం, దేహం గుడ్డిదైతే ఆ ప్రతిబింబమూ గుడ్డిదే అవుతుందనీ, దేహంతోపాటే నశిస్తుందనీ గ్రహించి దారిలోంచే వెనక్కి వస్తాడు.

చాలామంది కథను ఇక్కడితో ఆపి విరోచనుణ్ణి ఎగతాళి చేస్తారు. నన్ను ఆపి ఆలోచింపజేసేది ఆ తరువాతి ఘట్టం. కలలైనా లేని గాఢనిద్రలో ఉన్నదే ఆత్మ అని ప్రజాపతి చెప్పినప్పుడు, ఏ దేహబాధా అంటని ఆ స్థితిని కూడా ఇంద్రుడు ఒప్పుకోడు. 'ఇది నేను' అన్న ఎరుకైనా లేనివాడు నశించినవాడితో సమానమే కదా, ఇందులో నాకు మేలేమీ కనిపించడం లేదంటాడు. దేహం చాలలేదు, దేహాన్ని మరిచిన నిద్రా చాలలేదు. అలా తిరిగి తిరిగి వచ్చి మొత్తం 101 ఏళ్లు గురువు దగ్గరే గడిపాడు (దేవతల రాజుకు అంత తీరిక ఎలా దొరికిందో!).

శరీరం ఉన్నవాడికి ప్రియాప్రియాలు (ఇష్టమైనవీ, అయిష్టమైనవీ) తప్పవనీ, అశరీరుణ్ణి అవి తాకవనీ చివరి బోధ. అద్వైతాచార్యులైన శంకరులు ఈ మాటనే బ్రహ్మసూత్రాలకు రాసిన భాష్యంలో (వ్యాఖ్యానంలో) ఉదహరించి, సశరీరత్వం, అంటే శరీరం ఉన్నవాణ్ణన్న భావం, అజ్ఞానం వల్ల కలిగినదే కనుక జ్ఞానికి బతికుండగానే అశరీరత్వం సిద్ధిస్తుందని వాదించారు. తర్కం గట్టిదే. అయితే అదే భాష్యం ఆరంభంలో ఆయన రాసిన మరో మాట నాకు ఇంకా నిజాయితీగా తోస్తుంది: కర్ర ఎత్తినవాణ్ణి చూసి పారిపోయి, పచ్చగడ్డి పట్టుకున్నవాడి దగ్గరకు వచ్చే పశువులకూ, వ్యవహారంలో ఉన్న పండితులకూ దేహాన్నే 'నేను' అనుకోవడంలో తేడా లేదట. ఆ లెక్కన విరోచనుడి పక్షం చాలా పెద్దది. భాష్యం ముందు పెట్టుకొని కూర్చున్న నేనూ అందులోనే ఉన్నాను.